పదహారు జట్లు, నాలుగు ఊళ్లు

అమెరికా కాలేజీ ఐస్ హాకీలో పురుషుల జాతీయ టోర్నమెంటుకు ఏటా పదహారు జట్లను ఎంపిక చేస్తారు. మొదటి డివిజన్‌లో ఆడే కాలేజీలు అరవైకి కొంచెం పైన. వాటిలో ఎక్కువ భాగం న్యూ ఇంగ్లండ్, న్యూయార్క్, మిషిగన్, మిన్నెసోటా ప్రాంతాల్లోనే ఉన్నాయి. చెరువులు గడ్డకట్టే చోటే ఈ ఆట వేళ్లూనుకుంది. మొదటి టోర్నమెంటు 1948లో కొలరాడో స్ప్రింగ్స్‌లోని బ్రాడ్‌మూర్ రింక్‌లో నాలుగు జట్లతో జరిగింది. ఫైనల్లో మిషిగన్ 8-4తో డార్ట్‌మత్‌ను ఓడించింది. తొలి పదేళ్లూ వేదిక అదే కాబట్టి అభిమానులు దారి వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఇప్పుడు టోర్నమెంటు నాలుగు ఊళ్లలో మొదలై అయిదో ఊళ్లో ముగుస్తుంది. ఆ ఊళ్లు ఏటా మారతాయి. వాటికి ముందు ఆరు కాన్ఫరెన్సుల టోర్నమెంట్లు వేరే ఊళ్లలో నడుస్తాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ ఆటను వెంబడించేవాళ్ల చేతిలో స్కోరు పట్టికతో పాటు రోడ్డు మ్యాపు కూడా ఉండాల్సిందే. 2025 సీజన్ దారి అందుకు మంచి ఉదాహరణ.

ఆ దారిని బోస్టన్ నుంచి మొదలుపెట్టడం సబబు. నార్త్ స్టేషన్‌లో రైలు దిగి మెట్లెక్కితే టీడీ గార్డెన్ గుమ్మం వస్తుంది. స్టేడియాన్ని స్టేషన్ నెత్తినే కట్టారు. ఫిబ్రవరి మొదటి రెండు సోమవారాలు ఇక్కడ బీన్‌పాట్ టోర్నమెంటు జరుగుతుంది. బోస్టన్ యూనివర్సిటీ, బోస్టన్ కాలేజీ, హార్వర్డ్, నార్త్‌ఈస్టర్న్, ఈ నాలుగు జట్లే ఆడతాయి. 1952లో మొదలైన ఈ పోటీలో గెలిచినవాళ్లకు దక్కేది చిక్కుడు గింజలు ఉడికించే కుండ ఆకారపు ట్రోఫీ. జాతీయ స్థాయిలో దీనికి ప్రత్యేకమైన విలువేమీ లేదు. బోస్టన్‌లో మాత్రం ఆ కుండ ఎవరింట ఉందన్నది ఏడాది పొడుగునా గుర్తుంటుంది. 1978 ఫిబ్రవరి 6న తొలి రౌండు ఆటలు నడుస్తుండగా ముంచుకొచ్చిన మంచు తుఫాను పాత గార్డెన్‌లోనే ప్రేక్షకులను నిలిపేసింది. ఇళ్లకు పోలేనివాళ్లు స్టాళ్లలో మిగిలిన హాట్‌డాగులు తింటూ కుర్చీల మీదే పడుకున్నారు. ఆనాడు అక్కడున్నామని చెప్పుకునేవాళ్లందరినీ లెక్కేస్తే స్టేడియం పట్టదని నగరంలో ఒక హాస్యం.

ఆట సంగతులు కొన్ని ఇక్కడే చూసిపెట్టుకోవచ్చు. రింక్ పొడవు 200 అడుగులు, వెడల్పు 85. గట్టిపరచిన రబ్బరుతో చేసిన పక్ మూడు అంగుళాల వ్యాసం, ఒక అంగుళం మందం. ఒక్కో జట్టులో గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు. ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు. ప్రొఫెషనల్ లీగులో ముఖానికి సగం దాకా అడ్డు పెట్టుకుంటే సరిపోతుంది. కాలేజీ ఆటగాళ్ల ముఖమంతా జాలీ కప్పి ఉంటుంది. కొట్లాటకు దిగితే ఆట నుంచి బయటికి పంపడమే కాక తర్వాతి ఆటకూ దూరం చేస్తారు. అయినా ప్రొఫెషనల్ ఆటకూ దీనికీ అసలైన తేడా చెవికి తెలుస్తుంది. ప్రతి కాలేజీకి ఒక బ్యాండు ఉంటుంది. గోల్ పడితే కాలేజీ పాట మోగుతుంది. ఆ వెంటనే విద్యార్థుల గుంపు ఎదుటి గోల్‌కీపర్ వైపు వేళ్లు చూపిస్తూ జల్లెడ, జల్లెడ అని ఎత్తిపొడుస్తుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడు ఆ మాట వింటూ ఇంకో అరగంట అదే చోట నిలబడాలి.

ఆట అయ్యాక రైలు పెట్టెలో గోల్స్ గురించి మాట్లాడుకునేది కాసేపే. తర్వాతంతా లెక్కలు. పదహారు చోట్లలో ఆరు, ఆరు కాన్ఫరెన్సుల టోర్నమెంట్ల విజేతలకు నేరుగా దక్కుతాయి: అట్లాంటిక్ హాకీ అమెరికా, బిగ్ టెన్, సీసీహెచ్‌ఏ, ఈసీఏసీ, హాకీ ఈస్ట్, ఎన్‌సీహెచ్‌సీ. దీన్ని ఆటోబిడ్ అంటారు. మిగిలిన పది చోట్లు సీజన్ మొత్తం ప్రదర్శనను బట్టి ఇస్తారు. వాటిని ఎట్-లార్జ్ అంటారు. ఇక్కడే కాలేజీ హాకీ ఇతర అమెరికా కాలేజీ ఆటలకు దూరంగా జరిగింది. బాస్కెట్‌బాల్‌లో కమిటీ గదిలో కూర్చుని చర్చించి జట్లను ఎంచుతుంది. తలుపు తెరుచుకునేదాకా బయటివాళ్లకు తెలియదు. హాకీలోనూ కమిటీ ఉంది గానీ ఎవరిని తీసుకోవాలన్న విషయంలో అది ఏళ్ల తరబడి ఒక సూత్రానికే కట్టుబడి ఉంది. ఆ సూత్రం బహిరంగం. ఆటల ఫలితాలు చేతిలో ఉన్న ఎవరైనా అదే జాబితాను ఇంట్లో కూర్చుని తయారు చేసుకోవచ్చు. చేసుకుంటారు కూడా.

2024–25 సీజన్ దాకా ఆ సూత్రం పేరు పెయిర్‌వైజ్. ప్రతి జట్టునూ మిగతా ప్రతి జట్టుతో విడివిడిగా జత కట్టి మూడు విషయాలు చూసేవారు: ఆ రెండూ తలపడ్డ ఆటలు, ఇద్దరికీ ఎదురైన ఉమ్మడి ప్రత్యర్థులపై ఫలితాలు, ఆర్‌పీఐ అనే సూచీ. ఎక్కువ జతల్లో నెగ్గిన జట్టు పైన ఉండేది. మూడింటిలోనూ బరువైనది ఆర్‌పీఐ. అందులో జట్టు సొంత గెలుపుల వాటా 25 శాతమే. ప్రత్యర్థుల గెలుపులు 21 శాతం, ప్రత్యర్థుల ప్రత్యర్థుల గెలుపులు 54 శాతం. అంటే సగానికి పైగా భారం తాము ఎన్నడూ ఆడని జట్ల మీద ఉండేది. బలహీనమైన జట్టును ఓడించినా సూచీ పడిపోయే విడ్డూరం ఇందులో ఉండేది కాబట్టి, అలా నష్టం చేసే గెలుపులను లెక్కలోంచి తీసేయాలని మరో నియమం పెట్టారు. ఓవర్‌టైంలో గెలిస్తే నిండు గెలుపు కింద కట్టేవారు కాదు. సొంత రింక్‌లో గెలుపుకు కాస్త తక్కువ, పరాయి రింక్‌లో గెలుపుకు కాస్త ఎక్కువ.

ఐపీఎల్ ఆఖరి వారంలో మన జట్టు ప్లేఆఫ్‌కు వెళ్లాలంటే ఎవరు ఎవరిని ఎన్ని పరుగుల తేడాతో ఓడించాలో నెట్ రన్ రేట్ లెక్కేసుకునే తెలుగు పాఠకుడికి ఈ మనఃస్థితి కొత్తేమీ కాదు. కాకపోతే ఇక్కడ ఆ వారం రెండు నెలలు నడుస్తుంది, జట్లు అరవై. బోస్టన్ అభిమాని అలాస్కాలో అర్ధరాత్రి ముగిసే ఆట ఫలితం కోసం మేలుకుని ఉంటాడు. అక్టోబరులో తన జట్టు చేతిలో ఓడిన ఏదో చిన్న కాలేజీ మార్చిలో గెలుస్తూ పోవాలని కోరుకుంటాడు. బద్ధ శత్రువు గెలిస్తే తన జట్టుకు మేలు జరుగుతుందని లెక్క చెప్పినప్పుడు మాత్రం చాలామందికి నోట మాట రాదు. ఆ ఇబ్బంది నుంచి తప్పించుకునే సూత్రం ఎవరూ కనిపెట్టలేదు.

బోస్టన్ నుంచి పడమరగా ఒక పూట ప్రయాణం చేస్తే న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా వస్తుంది. పొడుగాటి సరస్సు కొసన, లోయల మధ్య గుట్ట మీద కార్నెల్ విశ్వవిద్యాలయం. అక్కడి లైనా రింక్ 1957లో తెరిచారు. నాలుగు వేల పైచిలుకు మంది పడతారు. బయటి నుంచి చూస్తే ఇటుకల గోడౌన్‌లా ఉంటుంది. 1970లో ఈ రింక్ జట్టు నెడ్ హార్క్‌నెస్ శిక్షణలో 29 ఆటలు ఆడి 29 గెలిచి జాతీయ విజేత అయింది. ఒక్క ఓటమి, ఒక్క డ్రా లేకుండా టైటిల్ గెలిచిన జట్టు ఆ ముందూ లేదు, తర్వాతా లేదు. అభిమానుల మర్యాదలు చూడాలంటే ఇంతకంటే తగిన చోటు దొరకదు. ప్రత్యర్థి ఆటగాళ్ల పేర్లు మైకులో చదువుతున్నంతసేపూ విద్యార్థులు వార్తాపత్రికలు విప్పి ముఖాలకు అడ్డం పెట్టుకుంటారు. ఒక్కో పేరు వినిపించగానే విసుగు తెలిపే కేక ఒకటి. పేర్లు అయిపోగానే పత్రికలు ఉండలు చుట్టి కిందికి విసురుతారు. అచ్చు పత్రికలు చదివేవాళ్లు తగ్గిపోయిన ఈ రోజుల్లోనూ ఆటలున్న వారం క్యాంపస్‌లో పత్రికల కట్టలు మిగలవు.

హార్వర్డ్ వచ్చిన రాత్రి తంతు వేరు. కోటు చేతుల్లో, చొక్కాల లోపల, ప్లాస్టిక్ సంచుల్లో చేపలు లోపలికి చేరతాయి. హార్వర్డ్ ఆటగాళ్లు రింక్‌లోకి అడుగు పెట్టగానే నలుమూలల నుంచీ మంచు మీద చేపలు పడతాయి. వెనకటి రోజుల్లో హార్వర్డ్ అభిమానులు, కార్నెల్ వ్యవసాయ కళాశాలను ఎగతాళి చేస్తూ కోడిని తెచ్చారనీ, దానికి ఇది బదులనీ చెప్పుకుంటారు. సిబ్బంది పారలతో వాటిని ఎత్తి పారేస్తారు. మంచుకు అంటుకున్న పొలుసులు గీకి తీయడానికి మరో అయిదు నిమిషాలు. ఆట మొదలయ్యాక విసిరితే సొంత జట్టుకే పెనాల్టీ పడుతుంది కనుక చేపలన్నీ ముందే అయిపోవాలి. ఆ రాత్రంతా మూడో వరుస దాకా వాసన పోదు.

2024–25 సీజన్‌లో కార్నెల్ అభిమానుల లెక్కలు జనవరికే చేదెక్కాయి. ముప్పై ఏళ్లుగా కోచ్‌గా ఉన్న మైక్ షేఫర్‌కు అది ఆఖరి సీజన్. గాయాలతో, డ్రాలతో జట్టు పెయిర్‌వైజ్‌లో ఎట్-లార్జ్ చోటుకు అందనంత కిందికి జారింది. కార్నెల్ వంటి ఐవీ లీగ్ కాలేజీలు సీజన్‌ను మిగతావాళ్ల కంటే ఆలస్యంగా మొదలుపెడతాయి, ఆటలూ తక్కువ ఆడతాయి. కిందికి పోయాక పైకి రావడానికి వ్యవధి కూడా తక్కువే. ఇక మిగిలింది ఒకటే మార్గం: ఈసీఏసీ టోర్నమెంటు గెలవడం. దాని సెమీఫైనళ్లు, ఫైనల్ లేక్ ప్లాసిడ్‌లో జరుగుతాయి.

ఇథాకా నుంచి లేక్ ప్లాసిడ్‌కు దాదాపు అయిదు గంటల దారి. చివరి భాగం అడిరాండాక్ కొండల్లో రెండు వరుసల రోడ్డు మీదుగా పోతుంది. మార్చి మూడో వారంలో కూడా పక్కన మంచు దిబ్బలు కరగవు. ఊరి జనాభా రెండు వేల పైచిలుకు. అంత చిన్న ఊళ్లో 1932లోనూ 1980లోనూ శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. ఎరిక్ హైడెన్ అయిదు స్వర్ణాలు గెలిచిన స్కేటింగ్ వలయం హైస్కూలు ముంగిట్లోనే ఉంది. దాన్ని ఆనుకుని ఉన్న హాలు ఇప్పుడు హెర్బ్ బ్రూక్స్ అరీనా. 1980 ఫిబ్రవరి 22న అమెరికా కుర్రాళ్లు సోవియట్ జట్టును 4-3తో ఓడించింది ఆ మంచు మీదే. ఆ జట్టులో ప్రొఫెషనల్స్ లేరు. కోచ్ బ్రూక్స్ మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవాడు. ఆటగాళ్లలో ఎక్కువమంది అదే రాష్ట్రంవాళ్లు. గెలుపు గోల్ కొట్టిన మైక్ ఎరుజియోని, గోల్‌కీపర్ జిమ్ క్రెయిగ్‌తో కలిపి బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు నలుగురు. ఒకప్పుడు ఎదురెదురుగా నిలబడి తిట్టుకున్న కాలేజీలవాళ్లు ఒకే చొక్కా వేసుకోవడం బ్రూక్స్‌కు పెద్ద తలనొప్పి అయిందంటారు. మెయిన్ స్ట్రీట్ దుకాణాల్లో ఆ ఏడాది జ్ఞాపకాలు ఇప్పటికీ అమ్ముతున్నారు.

2025 మార్చి 22న ఇక్కడే కార్నెల్ 3-1తో క్లార్క్‌సన్‌ను ఓడించి ఆటోబిడ్ అందుకుంది. ఇలాంటి గెలుపు మీద అభిమానుల అభిప్రాయం వాళ్లు కూర్చున్న చోటును బట్టి మారుతుంది. లెక్కల్లో లేని జట్టు ఒకటి పైకొస్తే, లెక్కల్లో చివర ఉన్న మరో జట్టు కింద పడాలి. ఇలా వచ్చిన జట్టును బిడ్ దొంగ అంటారు. గెలిచినవాళ్లు నవ్వుతూ ఒప్పుకునే బిరుదు అది. గట్టు అంచున నిలబడ్డ జట్టుకు ఆ శనివారం తాను ఆడని ఆటే ప్రాణసంకటం. 2013లో యేల్ జట్టు అట్లాంటిక్ సిటీలో జరిగిన కాన్ఫరెన్స్ చివరి వారంలో రెండు ఆటలూ ఓడింది, ఒక్క గోల్ కూడా కొట్టలేదు. మర్నాడు వేరే కాన్ఫరెన్స్ ఫైనల్లో నోటర్ డామ్ మిషిగన్‌ను ఓడించడంతో చివరి ఎట్-లార్జ్ చోటు యేల్‌కు మిగిలింది. మిషిగన్ రెండు దశాబ్దాలకు పైగా వరసగా టోర్నమెంటుకు వస్తున్న పరంపర అక్కడితో తెగింది. మూడు వారాల తర్వాత పిట్స్‌బర్గ్‌లో యేల్, అదే సీజన్‌లో తనను మూడుసార్లు ఓడించిన క్విన్నిపియాక్‌ను 4-0తో కొట్టి జాతీయ విజేత అయింది. 2015లో ప్రావిడెన్స్ కూడా చివరి ఎట్-లార్జ్ చోటు పట్టుకుని వచ్చి కప్పు ఎగరేసుకుపోయింది. పదిహేనో జట్టుకూ పదిహేడో జట్టుకూ తేడా ఏముందిలే అని కొట్టిపారేసేవాళ్ల నోరు ఈ రెండు ఉదాహరణలతో మూతపడుతుంది.

కార్నెల్ గెలిచిన మర్నాడు, 2025 మార్చి 23 ఆదివారం, టీవీలో జట్లు ప్రకటించారు. ఎవరెవరు అన్నది శనివారం రాత్రి ఆఖరి ఆట ముగిసిన క్షణానికే దేశమంతా తెలిసిపోయింది. అభిమానులు టీవీ ముందు ఎదురుచూసేది ఒక్క విషయానికే: ఎక్కడ. సూత్రం మౌనంగా ఉండే చోటు, కమిటీకి చేతినిండా పనుండే చోటు, తగువులు పుట్టే చోటు అదే.

పదహారు జట్లను బలం క్రమంలో నాలుగేసి చొప్పున నాలుగు అంతస్తులుగా విడదీస్తారు. మొదటి నాలుగు జట్లను వరసగా దగ్గరలోని ఊళ్లకు పంపుతారు. మిగతావాటిని వీలైనంతవరకు మొదటిదానికి పదహారోది, రెండోదానికి పదిహేనోది అన్న పద్ధతిలో సర్దాలి. తొలి రౌండులో ఒకే కాన్ఫరెన్స్ జట్లు తలపడకూడదు. పోటీకి ఆతిథ్యమిస్తున్న కాలేజీ అర్హత సాధిస్తే దాన్ని సొంత ఊళ్లోనే ఆడించాలి. ఖాళీ కుర్చీలు కనపడకుండా జనం వచ్చే ఏర్పాటూ చూడాలి. ఒక నియమం ఇటు లాగితే ఇంకోటి అటు లాగుతుంది. కమిటీ దేన్ని ఎంత సడలించిందో చెప్పే సూత్రమేదీ లేదు కాబట్టి, మరుసటి నాలుగు రోజులూ అభిమానులు తమ తమ సొంత సర్దుబాట్లు గీసి చూపిస్తారు. వాటిలో చాలావరకు తమ జట్టు కారులో వెళ్లగలిగే దూరంలో ఆడుతుంది.

2025 ఊళ్లు న్యూ హాంప్‌షైర్‌లో మాంచెస్టర్, పెన్సిల్వేనియాలో అలెన్‌టౌన్, ఒహాయోలో టొలీడో, నార్త్ డకోటాలో ఫార్గో. మొదటి స్థానంలోని బోస్టన్ కాలేజీకి మాంచెస్టర్ గంటన్నర లోపు దారి. రెండోదైన మిషిగన్ స్టేట్‌కు టొలీడో పక్క రాష్ట్రమే. మూడోదైన మెయిన్ అలెన్‌టౌన్‌కు వెళ్లింది. ఆ కాలేజీ ఊరు ఒరోనో నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైనే. నాలుగోదైన వెస్టర్న్ మిషిగన్‌కు మిగిలింది ఫార్గో. తన ఊరు కలమజూ నుంచి టొలీడోకు రెండున్నర గంటల్లో వెళ్లగలిగే జట్టు వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించింది. బోస్టన్ యూనివర్సిటీ పక్కనే ఉన్న మాంచెస్టర్‌ను దాటుకుని టొలీడో వెళితే, డెన్వర్ జట్టు దేశానికి అడ్డంగా మాంచెస్టర్‌కు వచ్చింది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఫార్గోలో తేలింది. మ్యాపు మీద గీతలు గీస్తే అన్నీ ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ప్రతి గీతకూ విడిగా అడిగితే కారణం దొరుకుతుంది. మొత్తంగా చూస్తే దేనికీ దొరకదు.

అలెన్‌టౌన్ కథ అన్నింటికంటే వివాదాస్పదం. అక్కడి ఆతిథ్య కాలేజీ పెన్ స్టేట్. 2012లో పెద్ద విరాళంతో మొదటి డివిజన్‌లోకి వచ్చిన ఈ జట్టు నాలుగో అంతస్తులో అర్హత సాధించింది. నియమం ప్రకారం దాన్ని అలెన్‌టౌన్‌కే పంపాలి. దూరం నుంచి వచ్చిన మెయిన్ జట్టు, సీజనంతా కష్టపడి సంపాదించిన మూడో స్థానానికి బహుమానంగా, నీలం తెలుపు చొక్కాలతో నిండిన హాల్లోకి అడుగుపెట్టింది. పెన్ స్టేట్ 5-1తో గెలిచింది. తర్వాత కనెక్టికట్‌ను ఓవర్‌టైంలో 3-2తో ఓడించి మొదటిసారి ఫ్రోజెన్ ఫోర్‌కు, అంటే ఆఖరి నాలుగు జట్ల ఘట్టానికి చేరింది. నియమాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు. అన్యాయమని మెయిన్ అభిమానులు అంటే కాదనడమూ కష్టమే.

ఫార్గోలో దీనికి తిరగబడిన ఉదాహరణ కనిపించింది. రెడ్ నది గట్టున, కంటికి ఆనినంత దూరం చదునైన నేల మీద ఉంది ఈ ఊరు. పేరు ప్రపంచానికి తెలిసింది కోయెన్ సోదరుల సినిమాతో. కథ ఎక్కువ భాగం మిన్నెసోటాలో నడిచినా, అందులోని కలప కోసే యంత్రం ఇప్పటికీ ఊరి పర్యాటక కేంద్రంలో ప్రదర్శనకు ఉంది. ఉత్తరాన నూట ముప్పై కిలోమీటర్ల దూరంలోని నార్త్ డకోటా విశ్వవిద్యాలయం ఇక్కడి ఆతిథ్య జట్టు. ఆ ఏడాది అదే అర్హత సాధించలేదు. ఆ కాలేజీ అభిమానుల స్వభావం పాతవాళ్లకు బాగా తెలుసు. 2006లో ఆ కాలేజీ ఊరు గ్రాండ్ ఫోర్క్స్‌లో హోలీ క్రాస్ అనే చిన్న జట్టు మిన్నెసోటాను ఓవర్‌టైంలో 4-3తో ఓడించిన రాత్రి, హాలంతా నార్త్ డకోటా అభిమానులే. మిన్నెసోటా వాళ్లకు ఆగర్భ శత్రువు కనుక గొంతులన్నీ హోలీ క్రాస్‌కే పలికాయి. 2025లోనూ మిన్నెసోటా తొలి ఆటలోనే మసాచుసెట్స్ చేతిలో ఓవర్‌టైంలో 5-4తో ఓడింది. వెస్టర్న్ మిషిగన్ రెండు ఆటలనూ 2-1 తేడాతోనే గట్టెక్కింది. టొలీడోలో కార్నెల్ చివరి క్షణాల గోల్‌తో మిషిగన్ స్టేట్‌ను 4-3తో పడగొట్టి, తర్వాతి ఆటలో బోస్టన్ యూనివర్సిటీ చేతిలో ఓవర్‌టైంలో ఓడింది. షేఫర్ శిక్షణ జీవితం అక్కడితో ముగిసింది. నాలుగు ఊళ్లలో మొదటి అంతస్తు జట్లు నాలుగుంటే నెగ్గి బయటపడింది వెస్టర్న్ మిషిగన్ ఒక్కటే.

ఈ నాలుగు రోజుల తర్వాత ఏటా తిరిగొచ్చే చర్చ ఒకటుంది: తొలి రౌండ్లను తటస్థ వేదికల్లో ఎందుకు ఆడించాలి? 1990ల ఆరంభం దాకా పై జట్ల క్యాంపస్‌లోనే ఆడేవారు. మహిళల టోర్నమెంటులో ఇప్పటికీ అంతే. క్యాంపస్ కావాలనేవాళ్లు ఖాళీ కుర్చీలు చూపిస్తారు. బ్యాండు, విద్యార్థులు లేని కాలేజీ ఆటలో కాలేజీ ఏముందని అడుగుతారు. వద్దనేవాళ్లు, జాతీయ పోటీలో ఒకరి ఇంట్లో ఇంకొకరు ఆడడం ఏం న్యాయమంటారు. అలెన్‌టౌన్ చూశాక ఈ రెండో వాదన కొంచెం పలచబడింది. క్యాంపస్‌లో ఆడిస్తే ఇంటి లాభం కనీసం పైన ఉన్న జట్టుకు దక్కేది. ఇప్పుడది ఏళ్ల కిందటే ఆతిథ్యానికి ఒప్పుకున్న కాలేజీకి దక్కుతోంది.

ఏప్రిల్ రెండో వారంలో దారి సెయింట్ లూయిస్‌కు చేరింది. మిసిసిపీ ఒడ్డున 630 అడుగుల ఉక్కు తోరణం. వేయించిన రావియోలి ఊరి వంటకం. కాలేజీ హాకీకి ఇది పుట్టినిల్లేమీ కాదు, అయినా 1975లోనూ 2007లోనూ ఫైనల్ ఇక్కడ జరిగింది. ఫ్రోజెన్ ఫోర్ ప్రేక్షకుల్లో చాలామంది ఏ జట్టు ఆడుతుందో తెలియకముందే టికెట్లు కొనుక్కున్నవాళ్లు. అందుకే వేదికైన ఎంటర్‌ప్రైజ్ సెంటర్ బయట ఆడుతున్న నాలుగు జట్ల చొక్కాల కన్నా ఆడని జట్లవే ఎక్కువ కనిపిస్తాయి. మార్చిలో ఓడిన కాలేజీ చొక్కా వేసుకుని రావడం ఇక్కడ చిన్నతనం కాదు. పక్క సీట్లో కూర్చున్న అపరిచితుడితో మాట కలపడానికి అదే పరిచయ పత్రం: ఏ ఏడాది ఎక్కడ చూశారు, ఏ గోల్ దగ్గర లేచి నిలబడ్డారు.

గురువారం సెమీఫైనళ్లు. వెస్టర్న్ మిషిగన్ ముందు 2-0 ఆధిక్యంలో ఉండగా అంతకు ముందు ఏడాది విజేత డెన్వర్ మూడో పీరియడ్‌లో సమం చేసింది. ఇక్కడ ఓవర్‌టైం అంటే లీగ్ సీజన్‌లోలాగా ముగ్గురేసి ఆడే అయిదు నిమిషాల వ్యవహారం కాదు. నిండు జట్లతో ఇరవై నిమిషాల పీరియడ్లు, గోల్ పడేదాకా. రెండోది మొదలైన నిమిషం లోపే వెస్టర్న్ మిషిగన్ ఆటగాడు ఓవెన్ మైకేల్స్ గోల్ కొట్టాడు. బోస్టన్ యూనివర్సిటీ 3-1తో పెన్ స్టేట్‌ను ఓడించింది. శుక్రవారం ఆటలుండవు. ఉత్తమ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డు ఆ రోజే ప్రకటిస్తారు. మిషిగన్ స్టేట్‌కు చెందిన ఐజక్ హోవర్డ్‌కు దక్కింది. మిగతా పొద్దంతా హోటల్ లాబీల్లో, బార్లలో ఎంపికల పంచాయితీ మళ్లీ మొదటి నుంచి నడుస్తుంది. జట్లు ఓడిపోయాయి కాబట్టి గొంతుల్లో వేడి తగ్గి లెక్కల్లో పదును పెరుగుతుంది. శనివారం వెస్టర్న్ మిషిగన్ బోస్టన్ యూనివర్సిటీపై 6-2తో గెలిచి మొదటి టైటిల్ అందుకుంది. ఫ్రోజెన్ ఫోర్‌కు రావడమే ఆ కాలేజీకి అది మొదటిసారి. ఫార్గోకు పంపారన్న ఫిర్యాదు కలమజూలో ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

తర్వాతి సీజన్‌కు రెండు పెద్ద మార్పులు వచ్చాయి. 2025 ఆగస్టు నుంచి కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఆడినవాళ్లకూ కాలేజీ జట్ల తలుపులు తెరుచుకున్నాయి. గావిన్ మెకెన్నా వంటి ఆటగాడు పెన్ స్టేట్‌కు వచ్చాడు. పెయిర్‌వైజ్ స్థానంలో ఎన్‌పీఐ అనే సూచీ వచ్చింది. జతలు కట్టి చూడడం పోయి, గెలుపులనూ ప్రత్యర్థుల బలాన్నీ కలిపిన ఒకే అంకె మిగిలింది. ముఖాముఖి గెలుపుకు ప్రత్యేకమైన విలువ లేకపోవడం పాతవాళ్లకు మింగుడు పడలేదు. అయితే ఇది కూడా బహిరంగ సూత్రమే కాబట్టి లెక్కలు కట్టేవాళ్ల పని తగ్గలేదు. ఊళ్ల ఎంపిక పద్ధతి మాత్రం మారలేదు. 2026 తొలి రౌండ్లకు ఆల్బనీ, వుస్టర్, సూ ఫాల్స్, లవ్‌లాండ్. ఫ్రోజెన్ ఫోర్‌కు లాస్ వేగస్‌లోని టీ-మొబైల్ అరీనా. ఈ అయిదు వేదికలూ జట్లు తేలడానికి ఏళ్ల ముందే ఖరారయ్యాయి.